గురి కుదరని తుపాకీ పందికన్నా ప్రమాదం
పంట కాపాడబోయి ప్రాణం మీదికి తెచ్చుకోరాదు

జహీరాబాద్: చెరుకు, అల్లం, ఆలుగడ్డ పండించే ఈ ప్రాంతానికి అడవి పందుల బెడద ఏళ్ల తరబడి తీరని సమస్యగానే ఉన్నది. మంద ఒక్క రాత్రి చేలో పడితే రైతు ఆరుగాలం కష్టం నేలపాలవుతున్నది. విసిగిపోయి పొలం చుట్టూ కరెంటు తీగ పెడితే, పందికి బదులు పక్క పొలం రైతో, మేతకు పోయిన ఎద్దో బలి కావడం తెలంగాణ జిల్లాల్లో జరుగుతున్నదే. అందువల్ల తుపాకీ గల షూటర్లను పిలిపించాలని రైతులు కోరడంలో వింత లేదు. అయితే ఆ తుపాకీ గురి సరిగా ఉన్నదా లేదా అన్నది ఎవరూ అడగడం లేదు.

చట్టం ఏమంటున్నది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద, పైరు పాడు చేసే పందిని చంపేందుకు చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు చూపి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. కేరళ ప్రభుత్వం 2022లో ఈ అధికారాన్ని పంచాయతీలకే అప్పగించింది. బీహార్‌లోని మోకామాలో 2016లో నీల్‌గాయ్‌లను కాల్చేందుకు హైదరాబాద్ నుంచి షూటర్లు వెళ్లారు. లైసెన్సు లేని నాటు తుపాకీ వాడడం మాత్రం ఎక్కడైనా నేరమే. లైసెన్సు ఉన్నా నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే, 2019 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

చుక్క ఉన్నంత మాత్రాన గురి కాదు

ఇప్పుడు కొన్ని తుపాకులకు డాట్ సైట్ బిగిస్తున్నారు. చిన్న అద్దంలో ఎర్ర చుక్క కనిపిస్తుంది. చుక్క ఉన్నచోటికే తూటా పోతుందని పలువురు భ్రమపడతారు. కొత్తగా బిగించిన సైటు ఒక వైపు, గొట్టం మరో వైపు చూస్తుండవచ్చు. 25 మీటర్ల వద్ద 4 సెంటీమీటర్ల తేడా 100 మీటర్లకు 16 సెంటీమీటర్లవుతుంది. అప్పుడు పంది చావదు, గాయపడి మనిషి మీదికి తిరగబడుతుంది. తప్పిన తూటా ఎక్కడ ఆగుతుందో చెప్పలేము. చిన్నదనుకునే .22 తూటా సైతం మైలుకు మించి పోగలదు. రాతి నేలకు తగిలితే దారి మళ్లుతుంది. చెరుకు మాటున కొట్టే కూలీలు ఉండవచ్చు, వారి గుడిసెలూ ఉండవచ్చు.

సరిచేసే పద్ధతి

ఈ పని ఊరి పొలంలో కాదు, అనుమతి గల ఫైరింగ్ రేంజిలోనే జరగాలి. గురి పలక వెనుక ఎత్తయిన మట్టి కట్ట ఉండాలి. ముందుగా తుపాకీ ఖాళీగా ఉన్నదని చూసుకుని సైటును గట్టిగా బిగించాలి. తుపాకీని ఇసుక సంచి మీద ఆనించి, వేటలో వాడే రకం తూటాలతోనే 25 మీటర్ల నుంచి మూడు సార్లు కాల్చాలి. ఒక్క గుండును చూసి కాక, మూడింటి నడిమి చోటును చూసి మర తిప్పాలి. చాలా రకాల సైట్లలో ఒక్క క్లిక్కుకు 100 మీటర్ల వద్ద సుమారు 3 సెంటీమీటర్లు, 25 మీటర్ల వద్ద ముప్పావు సెంటీమీటరు జరుగుతుంది. మర తిప్పే ముందు, పలక దగ్గరికి నడిచే ముందు ప్రతిసారీ తుపాకీ ఖాళీ చేసి, తెరిచి, మూతి కట్ట వైపే ఉంచి కింద పెట్టాలి. మళ్లీ మూడు కాల్చి చూడాలి. ఆ తర్వాతనే దూరం పెంచాలి. సైటు ఊడదీసి బిగించినా, తుపాకీ కింద పడినా, తూటా రకం మార్చినా మళ్లీ మొదటికి రావలసిందే.

గ్రామస్థులు అడగవలసింది

షూటరు ఊరికి వస్తే అనుమతి పత్రం, లైసెన్సు చూపమనడం, గురి ఎక్కడ, ఏ తూటాతో సరిచేశారని అడగడం గ్రామస్థుల హక్కు. ముందు రోజే ఊళ్లోనూ, కూలీల గుడిసెల వద్దా చాటింపు వేయించాలి. రేంజిలో గురి సరిచూసిన తుపాకీకే అనుమతి అన్న షరతును అధికారులు ఉత్తర్వులో చేర్చడం అవసరం. పోయిన పంట మరుసటి ఏడు మళ్లీ పండుతుంది గానీ, పోయిన ప్రాణం తిరిగి రాదు.