పెట్టెలో మేళం

పిల్లలూ! సినిమాలో వీరుడు కోట గోడ ఎక్కుతూ ఉంటే వందమంది ఒక్కసారిగా ఫిడేళ్ళూ బాకాలూ వాయించినట్టు వినిపిస్తుంది కదా? ఒకప్పుడు మద్రాసు స్టూడియోలలో నిజంగానే పదులకొద్దీ వాద్యకారులు కూర్చుని వాయించేవారు. ఇప్పటికీ అలా చేయించేవారు లేకపోలేదు. కాని చాలాసార్లు ఆ వందమందీ ఒక కంప్యూటరులో ఉంటారు. ఒకే మనిషి మీటలు నొక్కి అందరిచేతా వాయిస్తాడు. దీనికి శాంపిల్ లైబ్రరీ అని పేరు. మన గ్రంథాలయంలో పుస్తకాలున్నట్టే ఇందులో స్వరాలుంటాయి.

ఇందులో మంత్రమేమీ లేదు. 1963లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మెలోట్రాన్ అనే వాద్యం తయారయింది. చూడటానికి హార్మణీలాగే మెట్లుంటాయి. ఒక్కొక్క మెట్టు కింద ఒక్కొక్క టేపు ముక్క. దానిమీద ఫిడేలో, ఫ్లూటో వాయించిన ఒక్క స్వరం ఉంటుంది. మెట్టు నొక్కితే ఆ టేపు సుమారు 8 సెకన్లు పలికేది, వదిలితే వెనక్కి పోయేది. నేటి లైబ్రరీ దీని మునిమనవడు. టేపు పోయి అంకెలు వచ్చాయి, అంతే.

అయితే ఒకే స్వరం పట్టుకుని, మిగతా వాటిని దానినుంచే సాగదీసి తీయరాదా అని మీలో తెలివైనవాడు అడుగుతాడు. ప్రయోగం చేసి చూడండి. మీ అమ్మగారి సెల్‌ఫోనులో ఎవరిచేతనైనా "సా" పాడించి, రికార్డు చేసినదాన్ని టేపు తిప్పినట్టు రెట్టింపు వేగంతో తిప్పండి. స్వరం పై షడ్జమానికి చేరుతుంది. నిజమే. కాని కాలం సగమవుతుంది, గొంతులో వణుకు రెట్టింపు తొందరగా వణుకుతుంది, మనిషి కాస్తా ఉడుతపిల్ల అయిపోతాడు! అంచేత మంచి లైబ్రరీలో దగ్గరదగ్గరగా చాలా స్వరాలు విడివిడిగా పట్టి ఉంటాయి.

స్వరాలన్నీ ఉన్నా చాలదు. ఫిడేలును మెల్లగా లాగితే వచ్చే నాదం వేరు, గట్టిగా లాగితే వచ్చేది వేరు. మెల్లని నాదాన్ని రేడియో మర తిప్పినట్టు పెద్దది చేస్తే అది గట్టి నాదం కాదు. మీరు గుసగుసలాడిన మాటను లౌడుస్పీకరులో వేసినా అది గుసగుసే కదా! అంచేత ఒక్కొక్క స్వరాన్నీ రెండు మూడు బలాలతో పట్టాలి. 1983లో వచ్చిన మిడి అనే ఏర్పాటు ప్రకారం మీరు మెట్టును ఎంత బలంగా కొట్టారో అంకెతో తెలుస్తుంది. 127 అన్నిటికన్న పెద్దది. ఆ అంకెను బట్టి కంప్యూటరు తగిన రికార్డును ఎంచుకుంటుంది. ఒకే స్వరాన్ని వరసగా ఎనిమిదిసార్లు కొట్టినప్పుడు ఒకే రికార్డు ఎనిమిదిసార్లు మోగిందంటే కుట్టుమిషను చప్పుడే. దానికి విరుగుడుగా ఒకే స్వరాన్ని నాలుగైదుసార్లు వాయించి ఉంచుతారు. అవి వంతులవారీగా మోగుతాయి.

ఇక అసలు చిక్కు చూడండి. వియన్నా నగరంలో హెర్బ్ టుక్‌మాండ్ల్ అనే చెల్లో వాద్యకారుడున్నాడు. స్వరాలను మాత్రమే పట్టుకుంటే లాభం లేదనీ, ఒక స్వరంనుంచి మరొక స్వరానికి వాద్యకారుడు నడిచే దారిని కూడా పట్టుకోవాలనీ ఆయన పని మొదలుపెట్టాడు. అదే వియన్నా సింఫోనిక్ లైబ్రరీ. లెక్క వేద్దామా? ఫిడేలుకు 40 స్వరాలనుకోండి. ఒక్కొక్క దానినుంచి పైకి 12, కిందికి 12 దారులు. 40 ను 24 తో గుణిస్తే 960. మూడు బలాలకూ చేస్తే 2,880. కొసల దగ్గర కొన్ని తగ్గుతాయి లెండి. ఒక్క ఫిడేలుకే ఇంత! ఈ దారులున్న పద్ధతిని లెగాటో అంటారు. లైబ్రరీ కొనేముందు "ఎన్ని వాద్యాలున్నాయి?" అని కాక, "ఒక్కొక్క వాద్యం ఎన్ని విధాల పలుకుతుంది?" అని అడగండి.

ఇప్పుడు మన కోనసీమకు వద్దాం. అమలాపురం కుర్రవాడొకడు కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థాన్ని ఫోనులో చిత్రించాడనుకుందాం. పదకొండు ఊళ్ళ రుద్రులు అక్కడ కలుస్తారని మీకు తెలుసు. గంగలకుర్రు అగ్రహారం ప్రభ వరిచేలు తొక్కుకుంటూ వచ్చి కౌశికలో దిగుతుంది. మోసేవారు నీళ్ళలో తడబడుతున్నారు. ఆ ఘట్టానికి సంగీతం కావాలి. కుర్రవాడు వాళ్ళ నాన్నగారిని రెండు దింపుల కొబ్బరికాయల డబ్బు పెట్టి పెద్ద లైబ్రరీ కొనిపెట్టమంటున్నాడు.

తండ్రిగారూ, తొందరపడకండి. లండన్‌లోని స్పిట్‌ఫైర్ ఆడియో వారు 2019లో బి.బి.సి. సింఫనీ ఆర్కెస్ట్రావారి 99 మంది వాద్యకారులను కూర్చోబెట్టి ఒక లైబ్రరీ తయారుచేశారు. దాని పెద్ద ప్రతికి 500 గిగాబైట్లకు పైగా చోటు కావాలి. మీ ఇంటి కంప్యూటరు అది మొయ్యలేక చతికిలబడుతుంది. అదే బృందం వాయించిన డిస్కవర్ అనే చిన్న ప్రతి 200 మెగాబైట్లలో ఇమిడిపోతుంది. దానిని ఉచితంగా పొందే వీలు కూడా కల్పించారు. మొదటి ఏడాదికి అది చాలు. దొంగ ప్రతులు తెచ్చిపెట్టే స్నేహితుణ్ణి మాత్రం గుమ్మంలోనుంచే పంపించెయ్యండి. అందులో ఉన్నది 99 మంది కష్టం.

ఇక కుర్రవాడికి. ఫిడేళ్ళ బృందం అని రాసి ఉన్నచోట నువ్వు నొక్కే ఒక్క మెట్టు వెనకా సుమారు పదిహేనుమంది ఉంటారు నాయనా. నాలుగు మెట్లు కలిపి నొక్కితే అరవైమంది! ఒక పెళ్ళికి నాలుగు ఊళ్ళ మేళాలు పిలిచినట్టే. ప్రభ నీటిలో దిగేచోట చెల్లోలచేత ఒక్క మంద్రస్వరం పట్టించు. మీటల పక్కనున్న మాడ్యులేషన్ చక్రాన్ని మెల్లగా పైకి తోస్తూ నాదాన్ని పెంచు. చక్రం కదలకపోతే అది మనిషి వాయించినట్టుండదు. చెల్లో అడుగు స్వరం సెకనుకు 65 కంపనాలు. ఫోను స్పీకరు దాన్ని పలకలేదు, చెవులకు పెట్టుకుని విను. ఫ్లూటు వాడితే నువ్వూ దానితో కూనిరాగం తీస్తూ ఉండు. నీకు ఊపిరి అందనిచోట ఫ్లూటు కూడా ఆగాలి.

ఒకచోట మాత్రం ఈ పెట్టె చేతులెత్తేస్తుంది. తోడి రాగంలో గాంధారం నిలవదు, ఊగుతూనే ఉంటుంది. వియన్నా, లండన్ వాద్యకారులు పట్టి ఇచ్చినవి నిలకడ స్వరాలు. వాటి మధ్య దారులున్నాయి గాని గమకం లేదు. పిచ్ చక్రం తిప్పి ఊపుదామంటే స్వరంతోపాటు అది రికార్డయిన హాలు ప్రతిధ్వని కూడా ఊగి వికారంగా ఉంటుంది. వాద్యం పరదేశానిది కావడం ఇక్కడ అడ్డు కాదు సుమా! వశిష్ఠ అవతల పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఏంచేశాడు? జంటలుగా 8 తీగెలుండే మాండలిన్ వదలి, 5 ఒంటి తీగెల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక గమకాలన్నీ పలికించాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేసేనాటికి ఆ కుర్రవాడికి తొమ్మిదేళ్ళు. గమకం ఆ వేళ్ళలో ఉన్నది. వేళ్ళను పెట్టెలో పెట్టి అమ్మడం ఇంకా ఎవరికీ చేతకాలేదు.

అంచేత ప్రభ గట్టెక్కే ఘట్టానికి ఓబో వాద్యాన్ని సన్నాయి అనిపించే ప్రయత్నం చెయ్యకు. మీ ఊరి సన్నాయి విద్వాంసుని దగ్గరకు వెళ్ళి అడుగు. తీర్థంలో తాసాల హోరు మధ్య కాక మరొకనాడు, తలుపులు మూసిన గదిలో వాయించమను. ఆయన శ్రుతి ఏమిటో ముందుగా కనుక్కుని నీ చెల్లోలను ఆ శ్రుతికి మార్చు, ఆయన్ను మారమనకు. ఫోనును సన్నాయి మూతికి ఎదురుగా పెట్టక మూడడుగుల దూరాన, కొంచెం పక్కకు పెట్టు. ఆయనకు ఇవ్వవలసినది ముందే మాట్లాడుకో. వాయించడం అయిపోయిన తరువాత ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చెయ్యి. అతుకులు వేసేటప్పుడు అది అక్కరకు వస్తుంది.