కంచెకు ఇవతలి కావలివారు

నాదర్‌గుల్ నుండి గుఱ్ఱంగూడ మీదుగా సాగర్ రోడ్డు చేరువారికి, చేలన్నియు ప్లాట్లుగను, ప్లాట్లన్నియు అపార్టుమెంట్లుగను మారిపోయిన ఈ ప్రాంతమున, కంచె కావల హఠాత్తుగా పచ్చదనము కానవచ్చును. అది గుఱ్ఱంగూడ రిజర్వు అడవి. అందులో ఒక భాగమే సంజీవని వనము. మరికొంత దూరమున, పూర్వము నిజాము ప్రభువుల వేటభూమియై, మహావీరుని 2,500వ నిర్వాణోత్సవ స్మారకముగా 1975లో కృష్ణజింకల కంకితమైన హరిణ వనస్థలి యున్నది. గజము నేలకై జనులు కోర్టుల కెక్కు నీ చోట ఇంత అడవి మిగిలినందులకు చట్టమునకును, అటవీ సిబ్బందికిని మనము ఋణపడియున్నాము. కాని ఈ అడవికి మన మేమగుదుము? తెల్లవారగనే లోనికి పోయి, ఎండ ముదురకముందే వెలికి వచ్చు నడకరులము. అంతకు మించి యేమియు కాము.

అడవికిని, దాని నానుకొని బ్రతుకు జనమునకును నడుమ గీత గీచిన ప్రభుత్వములు ఎంత మూల్యము చెల్లించెనో మన చరిత్ర యెఱుగును. 1879 నాటి రంప పితూరీకి అటవీ నిర్బంధము లొక కారణము. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యము కదలుటకును, 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము నేలకొరుగుటకును మూలమున ఆ వేదనయే కలదు.

1988 జాతీయ అటవీ విధానము జనులను భాగస్వాములుగా గుర్తించిన పిమ్మట, 1992లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరంభించిన ఉమ్మడి అటవీ యాజమాన్యమున వన సంరక్షణ సమితులు వెలసినవి. ఇంటి కొక స్త్రీ, ఒక పురుషుడు సభ్యులు; అడవి ఫలసాయమున వారికి భాగము. మేపు ఆపి, గొడ్డలి దించి కాచినచోట, కొత్తగా నాటకయే, పాత మోళ్లనుండి చిగుళ్లు వెడలి చెట్లైనవి. ఈ ఘనతను తగ్గించి చెప్పుట అన్యాయము. అట్లే మఱియొకటి దాచుటయు అన్యాయమే: నిధులు వచ్చినన్నాళ్లు సాగిన కాపలా, అవి నిలిచిన వెంటనే పెక్కుచోట్ల నిలిచిపోయినది, కొన్నియెడల పోడు భూములలోనే సమితి పేర మొక్కలు నాటుటచే గిరిజనుడు తన నేలకే పరాయివాడైనాడు. బాధ్యత నిచ్చి అధికార మీయకపోవుటయే ఇందలి లోపమని నా నిశ్చితాభిప్రాయము. 2006 అటవీ హక్కుల చట్టము గ్రామసభకు రక్షణాధికారము నొసగి ఆ లోపమును కొంత సవరించినది.

గ్రామసభ లేని నగరపు అడవి మాట యేమి? ఇచ్చట వెదురులో వాటా అడుగువారు లేరు. కాని మునుపు గొఱ్ఱెలను మేపినవారును, శరదృతువున సీతాఫలములు ఏరి అమ్ముకొను స్త్రీలును, కాలనీల సంక్షేమ సంఘములును కలవు. వీరందఱితో, సగము స్త్రీలుండునట్లు, ప్రతి నగర వనమునకు నొక సమితి ఏర్పఱచి, నెలకొకమారు అధికారులతో కలిసి హద్దురాళ్లు చూచు హక్కును, అడవిలో రోడ్డు గాని కట్టడము గాని తలపెట్టినపుడు ముందుగా విని తీరవలసిన అభ్యంతర హక్కును చట్టముచే ఈయవలెను. చాటుగా దింపు శిథిలములును, చెత్తయు, జరుగు హద్దురాళ్లును మొదట పడునది వీరి కంటనే గదా!

వేసవిలో ఎండుగడ్డికి నిప్పంటుకొన్నపుడు, ఆ పొగను ముందు చూచునది కంచె ప్రక్కనే మేడపై బట్టలారవేయు ఇల్లాలు. ఆమె పిలువగనే పదుగురు కదలుటకు, కంచె దాటి లోనికి పోవుటకు, నేడామెకు హక్కును లేదు, సమితియు లేదు.