గంజి పోశాం, తర్వాతేమిటి?

తుపాను వచ్చినా, వరద వచ్చినా మన సంఘం కార్యకర్తలు ముందుగా పరుగెత్తేది బాధితుల దగ్గరికే. ఇంటింటికీ తిరిగి బియ్యం, బట్టలు పోగుచేస్తాం, గంజి కాస్తాం. ఇది చూసి కొందరు మిత్రులు "ఇది దాతల పని, మనకెందుకు?" అంటున్నారు. ఇంకొందరు "సేవ చేస్తే చాలదా, ఈ ధర్నాలెందుకు?" అంటున్నారు. రెండు మాటలూ పొరపాటేనని మేం అనుకుంటున్నాం.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. సుమారు పదివేల మంది చనిపోయారు. ఎక్కడెక్కడి నుంచో యువకులు వచ్చి శవాలను మోశారు, బతికినవారికి అన్నం పెట్టారు. ఆ సేవకు వెలకట్టలేం. కాని పేదలు తలదాచుకునేందుకు పక్కా కట్టడం లేకపోవడం తలరాత కాదుగదా! తర్వాత తీరగ్రామాల్లో తుపాను షెల్టర్లు లేచాయి. 1990 మే తుపానుకు ముందే లక్షలాది మందిని తరలించారు. అప్పుడూ సుమారు వెయ్యిమంది పోయారు, అదీ తక్కువేం కాదు. అయినా పదివేలెక్కడ, వెయ్యెక్కడ! షెల్టర్లలో కొన్ని దాతలు కట్టించినవే. లక్షల జనాన్ని కదిలించడం మాత్రం ప్రభుత్వ యంత్రాంగం పూనుకుంటేనే అయింది.

నీళ్లు తీశాక ఊళ్లోకి జాబితా రాసేవాళ్లొస్తారు. పొలం ఎవరి పేరనుంటే పరిహారం వారిదే. అప్పుచేసి సాగుచేసిన కౌలుదారు మాటేమిటి? ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టం, భూయజమాని ఒప్పుకుని సంతకం పెడితేనే కౌలుదారుకు కార్డు అంది. అడిగితే వచ్చే ఏడు కౌలుకివ్వరేమోనని మనవాళ్లు నోరెత్తరు. ఇక కూలీ పోగొట్టుకున్న పనిదినాలకు పంటనష్టం జాబితాలో గడే ఉండదు.

మనం ఇచ్చే బియ్యం నాలుగురోజులకు అయిపోతుంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం సహాయ శిబిరాల్లో నీడ, తిండి, తాగునీరు, వైద్యం, పారిశుధ్యానికి కనీస ప్రమాణాలుండాలంది. దాన్ని అడగడం బిచ్చమెత్తడం కాదు, రావలసిన బాకీ వసూలు చేసుకోవడం.

ఆకలిగొన్నవాడి ముందు ఉపన్యాసం పనికిరాదు. ముందు గంజి పోయండి. ఆ అరుగుమీదే కూర్చుని పేర్లు రాయండి: కూలిన గుడిసెలెన్ని, మునిగిన కౌలు చేలెన్ని, పోయిన పనిదినాలెన్ని. ఆ జాబితా పట్టుకుని, గంజి తాగినవారూ పోసినవారూ కలిసి తాసిల్దారు కచేరీకి నడవాలి.