ఎంతైతే విషము?

"కెమికల్" అనే మాట వినగానే మన ఇళ్ళల్లో రెండు రకాల మనుషులు కనబడతారు. అన్నిటికీ భయపడేవారు ఒకరు, దేనికీ భయపడనివారు ఒకరు. చాలాసార్లు ఈ ఇద్దరూ ఒకే ఇంట్లో భార్యాభర్తలుగా ఉంటారు!

ఆ మధ్య మా సంఘములోని ఒక సహోదరి నన్ను అడిగింది: "అయ్యగారూ, ప్లాస్టిక్ డబ్బాలో పచ్చడి పెడితే క్యాన్సర్ వస్తుందట కదా? ఫోనులో ఎవరో పంపారు. అప్పటినుండి నిద్ర పట్టడము లేదు." అప్పుడు మేము వాళ్ళ వసారాలో కూర్చుని ఉన్నాము. బియ్యము బస్తా ప్రక్కనే, మూత సరిగా లేని పురుగుమందు డబ్బా ఉన్నది. దాని మీద ఎర్ర గుర్తు ఉన్నది. పెరటిలో దండెము మీద ఆమె భర్త మందు కొట్టి విడిచిన చొక్కా, పసిబిడ్డ బట్టలు ఒకదాని ప్రక్కన ఒకటి ఆరుతున్నాయి. ఆమెను ఎగతాళి చేయడానికి ఈ మాట వ్రాయడము లేదు. బిడ్డలున్న తల్లికి భయము సహజము. కాని ఆ భయము పచ్చడి డబ్బా మీద ఉండిపోయింది, వసారాలోని డబ్బా మీదికి రాలేదు.

రసాయనాల ప్రమాదమంటే మనకు 1984లో భోపాల్, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నములోని ఆర్.ఆర్. వెంకటాపురము గుర్తుకు వస్తాయి. అవి లోకమంతా చూసిన ప్రమాదాలు. చేలో, పెరటిలో, బ్యాటరీ షాపులో ఒక్కొక్కరికి జరిగేవి పేపరుకెక్కవు. అందుకని వాటిని తూచి చూసుకోవడము మనకు మనమే నేర్చుకోవాలి.

ఎలా తూచాలి? 16వ శతాబ్దములో స్విట్జర్లాండుకు చెందిన పారసెల్సస్ అనే వైద్యుడు చెప్పిన సంగతి ఈనాటికీ ఈ శాస్త్రానికి పునాది. విషము కాని వస్తువంటూ లేదు, మోతాదును బట్టే ఏదైనా విషమవుతుందని ఆయన భావము. కూరలో చిటికెడు ఉప్పు రుచి. అదే ఉప్పు గుప్పెళ్ళకొద్దీ చంటిబిడ్డ కడుపులోకి పోతే ప్రాణము మీదికి వస్తుంది. కాబట్టి "ఇది విషమా కాదా" అన్న ప్రశ్నతో మనము ఎక్కడికీ చేరము. ఎంత చేరింది? ఏ దారిన చేరింది? ఎన్నాళ్ళుగా చేరుతోంది? ఎవరి ఒంట్లోకి చేరింది? ఇవి అడగాలి. హైదరాబాద్ జూపార్కులో అద్దము వెనుక ఉన్న నాగుపాము, మన మంచము క్రింద ఉన్న నాగుపాము ఒకే జాతివి, వాటి కోరల్లో విషమూ ఒకటే. మనకున్న ముప్పు మాత్రము ఒకటి కాదు.

ప్రభుత్వాలు ఆహారములో పురుగుమందు శేషాలకు హద్దు పెట్టేటప్పుడు చేసే లెక్క ఇలాంటిదే. జంతువులకు ఏ హానీ చేయని మోతాదు ఎంతో పరీక్షలలో తేల్చి, దానిని మామూలుగా 100తో భాగిస్తారు. జంతువుకు మనిషికి ఉన్న తేడా కోసము 10 రెట్లు, మనిషికి మనిషికి ఉన్న తేడా కోసము మరో 10 రెట్లు తగ్గింపు. ఆ మోతాదు మించకుండా పంటలకు హద్దులు పెడతారు. అందుచేత ఒక వంకాయలో హద్దుకంటే కొంచెము ఎక్కువ దొరికిందని ఆ రాత్రే ప్రాణము పోదు. అలాగని హద్దు దాటినా ఫరవాలేదని కాదు. శుభ్రముగా కడుక్కుని తినండి. ఇంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉన్నది. ఆ హద్దు వంకాయ తినేవాని కొరకు పెట్టినది. వంకాయ తోటలో మందు కలిపే కూలివానికి ఆ లెక్క వర్తించదు.

లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున మందు కలుపుతున్నారనుకోండి. అంటే డబ్బాలో ఉన్నది ట్యాంకులో ఉన్నదానికంటే 500 రెట్లు చిక్కన. మనవాళ్ళు ట్యాంకు వీపున వేసుకున్నాక ముక్కుకు తువ్వాలు కట్టుకుంటారు. అంతకు ముందు, ఆ చిక్కటి మందును మూతలో కొలిచి పోసేటప్పుడు చేతికి ఏమీ ఉండదు! జాగ్రత్త ఎక్కువ కావలసినది ఆ రెండు నిముషాలలోనే.

నోటిలోకి పోకపోతే ఏమీ కాదనుకోవడము మన పల్లెల్లో బలముగా పాతుకుపోయింది. మోనోక్రోటోఫాస్ వంటి మందులు చర్మము గుండా లోపలికి పోతాయి. మెడ, గజ్జలు వంటి పలుచని చోట్ల ఇంకా త్వరగా పోతాయి. ట్యాంకు కారి వీపు తడిసిన చొక్కాతో సాయంత్రము వరకు పనిచేసినవాడు రోజంతా మందులో నానినట్లే. లోపలికి వెళ్ళి అది చేసే పని ఏమిటంటే, నరము నుండి కండరానికి వెళ్ళిన సంకేతాన్ని ఆపివేసే ఎంజైమును పనిచేయనివ్వదు. సంకేతము ఆగదు. అందుకే చెమటలు, నోటి వెంట చొంగ, కంటిపాప చిన్నదై చూపు మసకబారడము, కండరాలు అదరడము, చివరికి ఊపిరాడకపోవడము. "ఎండదెబ్బ" అనుకుని మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టినవారున్నారు. ఎండదెబ్బకు కంటిపాప ఇలా సూదిమొనలాగా చిన్నది కాదు. గుర్తుంచుకోండి.

మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా మన ఆదిలాబాద్‌కు సరిహద్దు అవతలే ఉన్నది. 2017లో అక్కడ పత్తి చేలలో మందు కొట్టిన రైతులు, కూలీలు 20 మందికి పైగా చనిపోయారు. వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ ఏడు పత్తి మనిషి ఎత్తు పెరిగింది. గొట్టము తలకంటే పైకెత్తి కొట్టేసరికి మందు తిరిగి ముఖము మీద, ఒంటి మీద పడింది. చేను ఎత్తు మారింది, మోతాదు మారింది. అందుకే "ఇరవై ఏళ్ళుగా కొడుతున్నాను, నాకేమయింది?" అనే మాటను నేను లెక్కలోకి తీసుకోను. ఏమైనా అయినవాడు ఆ మాట చెప్పడానికి రచ్చబండ దగ్గరకు రాడు గదా! "దేవుడే చూసుకుంటాడు" అనే సహోదరులతో కూడా ఒక మాట. రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూస్తున్నారు, అది అవిశ్వాసమని ఎవరూ అనుకోవడము లేదు.

డబ్బా మీద నాలుగు మూలల గుర్తులో క్రింది త్రిభుజము రంగు చూడండి. ఎరుపు మిక్కిలి విషము, తరువాత పసుపు, నీలము, చివరకు ఆకుపచ్చ. ఇది ఎలుకల మీద పరీక్షించి పెట్టిన గుర్తు. శరీరము బరువులో కిలోకు 50 మిల్లీగ్రాములలోపే సగము ఎలుకలను చంపేది ఎరుపు. 5000 దాటితేగాని చంపనిది ఆకుపచ్చ. అయితే ఈ రంగు ఒక్కసారిగా ఎంత లోపలికి పోతే ప్రాణము పోతుందో మాత్రమే చెబుతుంది. ప్రతి సీజనులో కొంచెము కొంచెము చేరితే పదేళ్ళకు ఏమవుతుందో చెప్పదు. ఆకుపచ్చ కనబడగానే పసుపు నీళ్ళలాగా చేతితో కలపవద్దు.

కొంచెము కొంచెముగా చేరేవాటిలో సీసము అన్నిటికంటే మోసకారి. వాసన లేదు, మంట లేదు. పాత బ్యాటరీలు విప్పేవారు, పాత గోడల రంగు గీకేవారు ఆ ధూళిని పీలుస్తారు. అది ఎముకలలో చేరి ఏళ్ళతరబడి ఉండిపోతుంది. తండ్రి బట్టల మీది ధూళి ఇంటికి వస్తుంది, నేల మీద పాకే బిడ్డ చేతికి అంటుతుంది, చేయి నోటిలోకి పోతుంది. మ్రింగిన సీసములో పెద్దవారి శరీరము పట్టుకునేదానికంటే బిడ్డ శరీరము ఎన్నో రెట్లు ఎక్కువ పట్టుకుంటుంది. పిల్లల మెదడుకు సురక్షితమైన సీసము మోతాదు అంటూ తెలిసినది లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక్కడ చట్టము చేసిన మేలు కూడా చెప్పాలి. మన దేశములో 2000లో పెట్రోలులో సీసము కలపడము ఆగింది. ఇళ్ళ రంగులలో పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని 2016లో నియమాలు తెచ్చారు. కాని పాత గోడ మీద పాత రంగే ఉన్నది. గీకవలసి వస్తే తడిపి గీకండి, చంటిబిడ్డను, గర్భిణిని ఆ రెండు రోజులు వేరే ఇంట్లో ఉంచండి.

ఇక ముక్కు సంగతి. వాసన లేకపోతే ప్రమాదము లేదని మన నమ్మకము. సెప్టిక్ ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్ళిన గ్రుడ్డు వాసన వేస్తుంది. గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాలకు చేరిందంటే కొద్ది నిముషాలలో ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. దిగినవాడు "వాసన పోయింది" అనుకుంటాడు. అతడు పడిపోతే తీయడానికి తమ్ముడు దిగుతాడు, తరువాత ఇంకొకరు. ఒకే గుంతలో ఇద్దరు ముగ్గురు పోవడానికి కారణము ఇదే. తువ్వాలు గాని, దుమ్ముకు కట్టుకునే మాస్కు గాని ఏ వాయువునూ ఆపదు. ఎవరు ఎంత కూలి ఇస్తానన్నా దిగవద్దు, దింపవద్దు. తగిన రక్షణ లేకుండా దింపడము 2013 చట్టము ప్రకారము నేరము.

ఇంట్లో నాకు భయము పుట్టించేవి మూడు. బాత్రూము యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపి కడగడము మొదటిది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు వేసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. పసిబిడ్డ బట్టల మధ్య కలరా ఉండలు వేయడము రెండవది. పుట్టుకతో ఒక ఎంజైము తక్కువగా ఉన్న బిడ్డలకు వాటి వాసనతోనే రక్తకణాలు చిట్లి కామెర్లు రావచ్చు. మూడవది, ఖాళీ మందు డబ్బాను కడిగి వాడుకోవడము. 2013 జూలైలో బీహార్‌లోని గండామన్ గ్రామములో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసిందని పరీక్షలో తేలింది. దోమల కాయిల్ గురించి కూడా అడుగుతుంటారు. దాని పొగ మంచిది కాదు, డెంగీ అంతకంటే మంచిది కాదు. దోమతెర కడితే పొగ లేకుండానే దోమకాటు తగ్గుతుంది. "హెర్బల్" అన్న మాట చూసి మోసపోవద్దు. ఉమ్మెత్త, గన్నేరు కూడా చెట్లే.

ఫ్యాక్టరీలలో పనిచేసే యౌవనస్థులకు: మీరు ముట్టుకునే ప్రతి రసాయనానికి 16 భాగాల సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది. దానిని అడిగి చదవండి, ఇంగ్లీషు రాకపోతే చదివించుకోండి. 4వ భాగములో ప్రథమ చికిత్స, 8వ భాగములో ఏ తొడుగు, ఏ మాస్కు వాడాలో ఉంటాయి. అక్కడి హద్దులు సాధారణముగా రోజుకు 8 గంటలు పనిచేసే పెద్దవారి కొరకు వేసినవి. ఇంట్లో 24 గంటలూ ఉండే బిడ్డకు అవి సరిపోవు. కనుక డ్యూటీ బట్టలు అక్కడే మార్చుకుని రండి.

భూమి ఉన్న సహోదరులకు నేను మొహమాటము లేకుండా ఒక మాట చెబుతాను. మందు కొట్టే కూలివాడు తొడుగులు అడగడు. అడిగితే రేపు పనికి పిలవరని అతని భయము. కాబట్టి కూలితో పాటు తొడుగులు, కారని ట్యాంకు, సబ్బు, ఒక బిందె మంచినీళ్ళు మీరే గట్టు మీద పెట్టండి. మిగిలిన మందును ఇంట్లో కాక, పెట్టెలో పెట్టి తాళము వేయండి. పిల్లల చేతికే కాదు, కోపములోనో దుఃఖములోనో ఉన్న పెద్దల చేతికి కూడా అది అందకూడదు. ఆ తాళము వలన నిలిచే ప్రాణాలున్నాయి.

ఎవరైనా మందు పడి అస్వస్థులైతే ముందుగా బట్టలు విప్పి ఒళ్ళంతా సబ్బుతో కడగండి. కడిగేవారు తమ చేతులకు కూడా తొడుగులు వేసుకోవాలి. బలవంతముగా వాంతి చేయించవద్దు, నోట్లో ఏమీ పోయవద్దు. 108కి ఫోను చేయండి. డబ్బాను గాని, దాని చీటీని గాని వెంట తీసుకువెళ్ళండి. ఏ మందో తెలిస్తే డాక్టరుగారు విరుగుడు వెంటనే మొదలుపెట్టగలరు. తెలియకపోతే లక్షణాలు చూసి వెతుక్కోవలసి వస్తుంది.