కాల్చకముందు డాక్టరుకు చూపించండి

అమరావతి నుంచి ఒంగోలు దాకా పత్తి, మిర్చి చేలల్లోనూ యార్డుల్లోనూ కష్టపడే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు విన్నపం.

మర్మాంగాల మీద బుడిపె కనిపించినంత మాత్రాన అది సుఖవ్యాధి కాదు. వయసులో ఉన్న కుర్రవాళ్లకు పురుషాంగం ముందుభాగపు అంచు చుట్టూ ముత్యాలు పేర్చినట్టు సన్నటి బుడిపెలు రావడం మామూలే. పసుపుపచ్చ చుక్కలు కొందరికి కనిపిస్తాయి. అవి చర్మంలో ఉండే నూనె గ్రంథులు. అమెరికా వైద్యుడు ఫోర్డైస్ 1896లోనే వీటి గురించి రాశాడు. ఆడవాళ్లలో కొందరికి యోని ముఖద్వారం దగ్గర రెండు పక్కలా ఒకే తీరున మెత్తటి బుడిపెలుంటాయి. ఇవేవీ అంటుకోవు. మందూ అక్కర్లేదు. వీటిని చూసి ఆలుమగలు ఒకరినొకరు అనుమానించుకోవద్దు.

సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేక, బస్టాండు గోడ మీద సుఖవ్యాధులు నయం చేస్తామనే పోస్టరు చూసి ఫోను చేసేవాళ్లున్నారు. సున్నం, సోడా కలిపి పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. అక్కడి చర్మం చాలా పలచన. పుండు పడుతుంది, మచ్చ మిగులుతుంది. లేని రోగానికి కూలి డబ్బులు పోతాయి.

అలాగని ఊరుకోమనడం లేదు. నిజమైన పులిపిర్లు గరుకుగా, గుత్తులుగా పెరుగుతాయి. పదింట తొమ్మిదింటికి హెచ్‌పీవీ అనే వైరస్‌లోని 6, 11 రకాలే కారణం. వైరస్ సోకిన నెలలకు, ఒక్కోసారి ఏళ్లకు బయటపడతాయి కాబట్టి ఎవరి వల్ల వచ్చిందో తేల్చడం కష్టం. తడిగా, చదునుగా ఉండే బుడిపెలు సిఫిలిస్ అనే సుఖవ్యాధి కావచ్చు. ఆ బుడిపెలను యాసిడ్‌తో కాలిస్తే పైవి పోతాయి, రోగం లోపలే ఉంటుంది. రక్తపరీక్ష చేయించి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించుకుంటే నయమవుతుంది. ఏది ఏదో పోల్చుకోవడం చదువుకున్న డాక్టరు పని.

గుంటూరు, ఒంగోలు ప్రభుత్వాసుపత్రుల్లో చర్మ, సుఖవ్యాధుల విభాగాలున్నాయి. 1097 హెల్ప్‌లైన్‌కు ఉచితంగా ఫోను చేసి అడగవచ్చు. ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ సోదరులారా, మీరు యాసిడ్ ముట్టుకోకండి, చీటీ రాసి ఆ ఆసుపత్రులకు పంపండి.

సుఖవ్యాధులు నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు. అయినా పోస్టర్లు గోడల మీదే ఉన్నాయి. అధికారులు వాటిని పీకించి, అంటించినవాళ్ల మీద కేసు పెట్టాలి. అదే గోడ మీద ఆసుపత్రి ఓపీ వేళలు, 1097 నంబరు రాయించాలి. ఆడవాళ్లను పరీక్షించడానికి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తలుపున్న గది, మహిళా సిబ్బంది ఉండాలి. వచ్చే గ్రామసభలో లేచి నిలబడి ఇవి అడగండి.