యాప తొర్రలో ఉన్నది అపశకునం కాదు

వీడియోలో తొర్రలోంచి తల ఊపుతూ మనల్నే చూస్తున్నది పైడికంటి, అంటే చిన్న గుడ్లగూబ. తెలకపల్లిలో మా పల్లి చేను గట్టు మీద ముసలి యాపచెట్టు ఉంది, దాంట్లో కాపురం పెట్టింది.

"గూబ ఉన్న చెట్టు మంచిది కాదు బిడ్డా, కట్టెలాయనతో మాట్లాడిన" అన్నడు మా నాయన. నేను వద్దన్నాను. ఎందుకో చెప్తా.

ముందు గుర్తుపట్టడం. సైజు ఇంచుమించు గోరింక అంత. పసుపు కళ్లు, గుండ్రటి తల, చెవుల్లా లేచే ఈకలు ఉండవు. తల మీద, వీపు మీద తెల్ల చుక్కలుంటే చుక్కల పైడికంటి. ఊళ్లల్లో, చేలల్లో ఎక్కువ కనబడేది ఇదే. తల నుంచి తోక దాకా సన్నటి అడ్డచారలుంటే అడవి పైడికంటి. అది నల్లమల లాంటి అడవుల పిట్ట. చుక్కలదేమో కొట్లాడుకున్నట్టు కిచకిచమంటుంది. చారలదాని కూత నిదానంగా మొదలై వేగం అందుకుంటుంది.

పొద్దుగూకితే గుంజ మీదో, కొమ్మ మీదో కూర్చుని కింద కదిలే పురుగు మీదికి దూకుతుంది. మిడతలు, పెంకు పురుగులు, రెక్కల పురుగులు, బల్లులు, చిన్న ఎలుకలు దాని తిండి. ఒక్క జంటతో చేనంతా పురుగు పోతుందని నేను చెప్పను. పెద్ద ఎలుకల పని ఎక్కువగా తెల్ల గూబది. కానీ పైసా ఖర్చు లేకుండా రోజూ రాత్రి పనికొచ్చే కూలి ఇది.

నేను వ్యవసాయ డిప్లొమా చదివినప్పుడు పక్షి స్థావరాలు పెట్టమని నేర్పారు. పెడుతున్నాం, మంచిదే. మరి తొర్ర ఉన్న చెట్లన్నీ కొట్టేస్తే ఆ పక్షి ఎక్కడ గుడ్లు పెట్టాలి? తొర్ర అది సొంతంగా తొలుచుకోలేదు. ఎండాకాలం ముందు నుంచే, ఉన్న తొర్రలోనే మూడు నాలుగు గుడ్లు పెడుతుంది.

ఇంకో మాట. బ్రోమడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తిరుగుతుంది. దాన్ని తిన్న గూబకూ ఆ విషం ఎక్కుతుంది. ప్రకృతి సేద్యం అంటూ గట్టు మీద ఆ బిళ్లలు పెడితే ఏం లాభం?

గూబల్ని పట్టినా చంపినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కానీ నాయనకు చట్టం చెప్పలేదు. ఓ సాయంత్రం చెట్టు కింద కూర్చోబెట్టి చూపించాను. మిడతను పట్టుకుని తొర్రలోకి పోయింది. "పిల్లలున్నట్టున్నయి, ఈ ఎండాకాలం దాటనీ" అన్నడు. ఆ తర్వాత మళ్లీ అడగాలి.

మీ గట్టు మీద ముసలి చెట్టు కొట్టే ముందు మీరూ ఓ అరగంట కూర్చుని చూడండి.