మన జట్టు పందెం కోడి కాదు

వేసవి వచ్చిందంటే మా నాచారంలో పలకరింపు మారిపోతుంది. "బాగున్నారా" అనవలసినవాళ్ళు "సార్, ఇయ్యాల ఎవరు గెలుస్తరు?" అంటారు. పాలబూతు దగ్గర అదే, మంగలి దుకాణంలో అదే, హబ్సిగూడ మెట్రో మెట్ల మీద అదే. నిన్నటి ఆట ఎలా సాగిందని అడిగేవాడు ఒక్కడూ కనబడడు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు ఛందస్సూ వ్యాకరణమూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక నాకేదో జ్యోతిషం కూడా వచ్చునని వారి నమ్మకం కాబోలు.

మిత్రులారా, ఆ ప్రశ్న మీదే నా యుద్ధం. నా ప్రతిజ్ఞలు రెండు. ఆట ఫలితాన్ని ముందే చెప్పాలన్న యావ క్రీడాభిమానం కాదు, దానికి శత్రువు. ఓడిపోతున్న సొంత ఊరి జట్టును వదలకుండా చూడడం వెర్రితనం కాదు, అభిమానమన్న మాటకు ఇంకా మిగిలి ఉన్న అర్థం అదే. ఇవి నచ్చనివారు వ్యాఖ్యల్లో నన్ను ఎంతైనా ఖండించవచ్చు. కానీ ముందు నా వాదం పూర్తిగా వినండి.

అసలు మన జట్టు ఏది? ఉప్పల్ మైదానాన్ని సొంత ఇల్లుగా చెప్పుకొనే జట్లు రెండు. ఒకటి వేసవిలో దీపాల వెలుగులో నారింజరంగు చొక్కాలతో ఆడే సన్‌రైజర్స్. రెండవది చలికాలంలో పగటిపూట తెల్లదుస్తులతో రంజీ ట్రోఫీ ఆడే హైదరాబాదు. మొదటిదాని పేరులో మన ఊరున్నది, యాజమాన్యం చెన్నైకి చెందిన ఒక టెలివిజన్ సంస్థది. దానికి ముందు డెక్కన్ చార్జర్స్ ఉండేది. 2008లో అట్టడుగున నిలిచి, 2009లో దక్షిణాఫ్రికా గడ్డ మీద కప్పు గెలిచి, 2012లో ఒప్పందం రద్దయి మాయమైంది. అభిమానులు మరుసటి ఏడాది కొత్త చొక్కా కొనుక్కున్నారు. అందులో తప్పు పట్టను. అంగడిలో వస్తువు మారితే కొనేవాడూ మారతాడు. దానిని ఊరి మీద ప్రేమ అనకండి, అంతే.

మన ఊరి పిల్లలు ఎక్కడున్నారో కూడా చూడండి. ఆటోడ్రైవరు కొడుకు మహమ్మద్ సిరాజ్ 2017లో సన్‌రైజర్స్‌కు ఆడి, ఆ తరువాత బెంగుళూరుకూ, అక్కడినుండి గుజరాతుకూ వెళ్ళాడు. 2025 ఏప్రిల్ 6న ఇదే ఉప్పల్‌లో గుజరాతు తరఫున బౌలింగు చేసి, పదిహేడు పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీశాడు. తిలక్ వర్మ 2022 నుండి ముంబయి చొక్కా తొడిగాడు. వీరిద్దరూ హైదరాబాదు ఆటగాళ్ళుగా కనబడేది రంజీలో, అదీ భారతజట్టు పనులనుండి తీరిక దొరికినప్పుడు. ఆ రోజున ఉప్పల్‌లో వేలకొద్దీ కుర్చీలు ఖాళీగా ఎండకు కాగుతుంటాయి.

ఆ రంజీ జట్టు చరిత్ర కొందరికి తెలియకపోవచ్చు. 1937-38లో అంతకుముందటి ఏటి విజేత నవానగర్‌ను ఒకే ఒక్క వికెట్టు తేడాతో ఓడించి కప్పు తెచ్చింది. ఏడుల్జీ ఐబారా చివరి ఇన్నింగ్స్‌లో 137 పరుగులతో అజేయంగా నిలిచాడు. తరువాతి తరంలో జయసింహ, పటౌడీ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ వంటివారు ఉండి కూడా జట్టు కప్పు గెలవలేదు. 1964-65 ఫైనల్లో బొంబాయి చేతిలో ఓడింది. అయినా ఫతేమైదానంలో జనం వారిని కొలిచారు. రెండవ కప్పు 1986-87లో ఎం. వి. నరసింహారావు నాయకత్వంలో ఢిల్లీ మీద వచ్చింది. 1999-2000లో లక్ష్మణ్ ఒక్క సీజన్లో 1415 పరుగులు చేసినా ఫైనల్లో ముంబయిదే పైచేయి అయింది.

ఆ తరువాత పతనం. 2010 నవంబరులో జైపూర్‌లో రాజస్థాన్ మీద హైదరాబాదు 21 పరుగులకు కుప్పకూలింది. దీపక్ చాహర్ తన తొలి మ్యాచిలోనే పది పరుగులకు ఎనిమిది వికెట్లు తీశాడు. రంజీ చరిత్రలో అంత తక్కువ స్కోరు అంతకుముందు లేదు. విచిత్రమేమంటే అదే నెలలో ఉప్పల్‌లో తొలి టెస్టు మ్యాచి జరిగింది. మైదానానికి పట్టాభిషేకం, జట్టుకు పరాభవం! 2022-23లో అట్టడుగున నిలిచి ప్లేటు విభాగానికి దిగజారింది. అంటే సిక్కిం, మిజోరం, అరుణాచల్ వంటి కొత్త జట్ల సరసకు. మరుసటి ఏడాదే అక్కడ విజేతయై పై తరగతికి తిరిగివచ్చింది. 2024 ఫిబ్రవరిలో మేఘాలయ మీద ఆ ఫైనలు జరిగింది మా ఉప్పల్‌లోనే. పరీక్ష తప్పిన పిల్లవాడు మళ్ళీ చదివి గట్టెక్కితే ఉపాధ్యాయుడికి ఎంత సంతోషమో నాకు తెలుసు. మొదటి ర్యాంకు తెచ్చుకున్నవాడు ఆ సంతోషం ఇవ్వలేడు.

ఇక పూర్వపక్షానికి వద్దాం. "ఫలితం ఊహించడం కూడా విద్యే కదా మాస్టారూ, మీ తర్కశాస్త్రంలో లేదా?" అంటారు. ఉన్నది. దానిని అనుమానప్రమాణం అంటారు. కొండ మీద పొగ కనబడితే నిప్పున్నదని నిశ్చయించడం. కానీ అందుకు పొగ ఎక్కడుంటే అక్కడ నిప్పుంటుందన్న వ్యాప్తి ముందుగా తెలియాలి. వ్యాప్తి లేని హేతువును హేత్వాభాసం అన్నారు. మరి ఇరవై ఓవర్ల ఆటలో వ్యాప్తి ఏది? నూటఇరవై బంతులు, ఒక నాణెం, రాత్రి కురిసే మంచు. 2024 ఏప్రిల్‌లో బెంగుళూరులో మూడు వికెట్లకు 287 పరుగులు చేసిన సన్‌రైజర్స్, మే 26న ఫైనల్లో 113కే ముగిసింది. 2025లో మొదటి ఆటలోనే ఉప్పల్‌లో 286 కొట్టింది, ఆ ఏడు ప్లే-ఆఫ్‌లకు చేరనే లేదు. ఏ పొగను చూసి ఏ నిప్పును ఊహించాలి?

అయిదు రోజుల ఆట కూడా జోస్యగాళ్ళకు లొంగేది కాదు. 2024 జనవరిలో ఉప్పల్‌లో ఇంగ్లండు మొదటి ఇన్నింగ్స్‌లో 190 పరుగులు వెనకబడింది. ఆ రాత్రి నాచారంలో భారత విజయాన్ని శంకించినవాడు లేడు. తన టెస్టు జీవితపు మొదటి బంతికే సిక్సరు తిన్న టామ్ హార్ట్లీ, చివరి ఇన్నింగ్స్‌లో ఏడు వికెట్లు తీసి 28 పరుగుల తేడాతో ఇంగ్లండును గెలిపించాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! గెలుపుకు పేరు పెట్టుకొని కూర్చున్నవారికి ఆ ఆట ద్రోహంగా తోచింది. ఏ పేరూ పెట్టకుండా చూసినవారు ఒక అద్భుతాన్ని చూశారు.

ఆ టెస్టు సాగుతుండగానే, జనవరి 26న, నగరంలోనే మరొక మైదానంలో తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో మూడువందలు దాటాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్టులో అంత వేగంగా ఎవరూ అది సాధించలేదు. మర్నాడు 366 వద్ద అవుటయ్యాడు, సిక్సర్లే ఇరవైఆరు. ఎదురున్నది అరుణాచల్ ప్రదేశ్ కనుక తగ్గించి లెక్కవేయండి, ఒప్పుకుంటాను. కానీ ప్రపంచరికార్డు మన ఊళ్ళో పుడుతుంటే చూడడానికి మన ఊరు రాలేదు. దాని మీద ఎవరూ జోస్యం అడగలేదు కనుక!

నన్నయగారి ఆరణ్యపర్వంలో నలోపాఖ్యానం ఉన్నది కదా. ఋతుపర్ణుడు రథం మీదనుండే తాండ్రచెట్టు ఆకులూ కాయలూ ఇన్నని చెబుతాడు. నలుడు తలూపి ఊరుకోడు. రథం దిగి, చెట్టు కూల్చి, లెక్కపెట్టి చూస్తాడు. లెక్క సరిపోయిన తరువాతనే ఆ విద్య నేర్పమంటాడు. నేటి మన జోస్యులలో దిగి లెక్కపెట్టేవాడు ఎవడు? నిజమైతే "నేను చెప్పలేదూ" అంటాడు, కాకపోతే "మ్యాచి ఫిక్సింగు" అంటాడు.

రెండవ పూర్వపక్షం: "చిన్న పందెమేగా, సరదాకు." ఇక్కడ నా గొంతు కొంచెం పెరిగితే మన్నించండి. నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే నా పూర్వ విద్యార్థి ఒకడు ఆ సరదాలో తల్లి పుస్తెలతాడు దాకా వెళ్ళాడు. ఆమె నా దగ్గరకు వచ్చి అడిగింది డబ్బు కాదు. "వాడికి మీ మాటంటే భయం, ఒక్కసారి చెప్పండి సారూ" అని. చెప్పాను. విన్నాడు. కానీ ఫోను కూడా రోజూ ఏదో చెబుతూనే ఉంటుంది, దానికి నా వలె అలసట లేదు.

చట్టాలు లేవా? తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లోనే నిషేధించారు. అయినా ఊహాజట్లు కట్టించే సంస్థ పేరు 2023 నుండి భారతజట్టు చొక్కా మీదే మెరిసింది. ఇక్కడ నేరమైనదాన్ని ఇక్కడి పిల్లలు దేశపు చొక్కా మీద చదువుకున్నారు! బెట్టింగు యాప్‌లకు ప్రచారం చేశారని 2025 మార్చిలో మియాపూర్ ఠాణాలో సినీతారల మీద కేసు పెట్టవలసివచ్చింది. ఆ ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి, నేర్పు ఆటైనా అదృష్టపు ఆటైనా డబ్బు పందేలు కూడదన్నది. చొక్కా మీది పేరు తొలగింది. దొంగదారిన వచ్చే యాప్‌లూ, వీధిచివర బుకీలూ తొలగలేదు. ఎందుకంటే చట్టం పందేన్ని ఆపగలదు కానీ "ఇయ్యాల ఎవరు?" అన్న ప్రశ్నను ఆపలేదు. పందెం ఆ ప్రశ్నలోనే పుడుతున్నది.

పల్నాటివారి చరిత్రను కోడిపందెం ఎలా మలుపు తిప్పిందో మన పిల్లలకు పాఠంగా చెప్పాం. కోడి ఓడితే రాజ్యం వదలాలన్నారు. కోడి ఎంత అందంగా పోరాడిందో ఆ బరి చుట్టూ ఉన్నవారిలో ఎవరు చూసి ఉంటారు? పందెం కట్టినవాడికి కోడి కనబడదు, రాజ్యం కనబడుతుంది. మన వేసవి రాత్రుల్లో ఆటగాళ్ళను ఆ కోళ్ళను చేస్తున్నాం. క్యాచి వదిలిన కుర్రవాణ్ణి తిట్టే బూతుల్లో సగం, పోయిన డబ్బు తిట్టించేవే.

మూడవ పూర్వపక్షం బలమైనది. "మీ రంజీ జట్టును నడిపే సంఘం భ్రష్టుపట్టింది, దానికెందుకు మద్దతు?" నిజమే. హైదరాబాదు క్రికెట్ సంఘం గొడవలు ముదిరి, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావు గారిని ఏకసభ్య సంఘంగా నియమించవలసివచ్చింది. 2025 జూలైలో సంఘం అధ్యక్షుడితో సహా కొందరిని రాష్ట్ర సి.ఐ.డి. అరెస్టు చేసింది. నేరం రుజువవుతుందా లేదా అన్నది న్యాయస్థానం చూసుకుంటుంది. నేనడిగేది వేరు. ఎవరూ చూడని జట్టును ఎవరు ఎంపిక చేశారని ఎవరు ప్రశ్నిస్తారు? వంద పరుగులు చేసినవాణ్ణి పక్కనపెట్టి ఇంకొకణ్ణి దింపితే, గ్యాలరీలో అయిదువందలమంది ఉంటే గొణుగుడైనా వినబడుతుంది. ఖాళీ కుర్చీ ప్రశ్న అడగదు. సంఘం చెడింది కనుక మేము రాము అంటున్నారు. మీరు రారు కనుకనే అది నిశ్చింతగా చెడగలిగిందని నా వాదం.

2022 సెప్టెంబరులో ఉప్పల్ టీ-20 టికెట్ల కోసం సికింద్రాబాదు జింఖానా మైదానం దగ్గర తొక్కిసలాట జరిగి జనం గాయపడ్డారు. అదే జింఖానాలో రంజీ ఆటలూ జరుగుతాయి. ఆ రోజుల్లో ద్వారం దగ్గర కాపలావాడు కునుకుపాట్లు పడుతుంటాడు.

నేను వెళతాను. స్టేడియం మెట్రోలో దిగి, గొడుగూ మంచినీళ్ళ సీసా పట్టుకొని వెళ్ళి కూర్చుంటాను. మనవంటి ముసలివారు ఇరవైమంది, ఆటగాళ్ళ తల్లిదండ్రులు కొందరు. బ్యాటుకు బంతి తగిలిన చప్పుడు అక్కడ వినబడుతుంది. తొమ్మిదో వికెట్టుకు వచ్చిన కుర్రవాడు ఓటమి ఖాయమని తెలిసీ గంటన్నర కాళ్ళడ్డుపెట్టి, బ్యాటడ్డుపెట్టి నిలబడతాడు. వాడి మీద ఎవడూ ఒక్క రూపాయి కాయలేదు. ఆ నిలబడడాన్ని చూడడానికి ఎవరో ఒకరు ఉండాలి. ఓడే జట్టుకు అభిమాని చేయగల సేవ అదే, గెలిచే జట్టుకు అది అక్కరలేదు.

కనుక మిత్రులారా, వచ్చే చలికాలం రంజీ ఆటల తేదీలు పత్రికలో ఎక్కడో మూలన పడతాయి. వెతికి పట్టుకోండి. ఉప్పల్‌లో ఉంటే ఒక్క పూట రండి, ఇంట్లో పిల్లలుంటే వెంటబెట్టుకొని రండి. నా పక్కన కుర్చీలు చాలా ఉంటాయి. ఆట గురించి ఏమైనా అడగండి, తెలిసింది చెబుతాను. ఎవరు గెలుస్తారని మాత్రం అడగవద్దు.